విమ్‌లో మోడ్‌లైన్‌ను ఎలా ఆపాలి?

ఉత్త టెక్స్ట్ ఫైలే కదా, తెరిస్తే ఏమవుతుందిలే అనుకుంటాం. 2019లో విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ విషయంలో ఆ ధీమా చెల్లలేదు. ఎవరో పంపిన ఫైల్ తెరిస్తే చాలు, అందులో దాచిన కమాండ్ మన ఖాతా మీదే నడిచిపోయేది. భద్రతా లోపాల ఉమ్మడి జాబితాలో దానికిచ్చిన సంఖ్య సీవీఈ-2019-12735.

దారి దొరికింది మోడ్‌లైన్‌లో. ఫైల్ మొదటి 5 లేదా చివరి 5 లైన్లలో ట్యాబ్ వెడల్పు లాంటి సెట్టింగులు రాసిపెడితే విమ్ చదివి పాటిస్తుంది. లైన్లను ఎక్కడ మడవాలో లెక్కగట్టే ఎక్స్‌ప్రెషన్ కూడా రాయొచ్చు. అది శాండ్‌బాక్స్‌లో, అంటే ప్రమాదకరమైన కమాండ్లను అడ్డుకునే కంచెలో నడుస్తుంది కాబట్టి భయం లేదనుకున్నారు. కానీ ఆశ్చర్యార్థకం తగిలించిన సోర్స్ కమాండ్‌ను ఆ కాపలా పట్టుకోలేదు. ఆ కమాండ్ ఒక ఫైల్‌లోని అక్షరాలను మనమే కీబోర్డు మీద కొట్టినట్టుగా ఎడిటర్‌కు అందిస్తుంది. ఆ ఫైల్ ఇప్పుడు తెరిచినదే అయితే? ఇంకేముంది, అందులో దాచిన కమాండ్ నడిచిపోతుంది!

ముందు వెర్షన్ చూడండి. టెర్మినల్‌లో విమ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు, వెంటనే వెర్షన్ అని రాయండి (ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి). 8.1 అని వస్తే ప్యాచ్‌లు 1365 దాకా చేరి ఉండాలి. 8.2, ఆపైవాటిలో ఈ లోపం లేదు. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌కైతే 0.3.6 చాలు. కొన్ని లినక్స్ పంపిణీలు వెర్షన్ సంఖ్య మార్చకుండానే లోపాన్ని సరిచేస్తాయి, కాబట్టి పాత సంఖ్య కనబడగానే కంగారు పడకుండా ప్యాకేజీ అప్‌డేట్ చేయండి. అయ్యాక తెరిచి ఉన్న విమ్‌లన్నీ మూసి మళ్లీ తెరవండి, నడుస్తున్నది పాతదే.

తర్వాత హోమ్ ఫోల్డర్‌లో, పేరు ముందు చుక్క ఉండే విమ్‌ఆర్‌సీ ఫైల్‌లో ఒక లైన్ చేర్చండి: సెట్, ఖాళీ, నోమోడ్‌లైన్. పని చేసిందో లేదో చూడాలంటే విమ్‌లో కోలన్ నొక్కి "వెర్బోస్ సెట్ మోడ్‌లైన్?" అని, ప్రశ్నార్థకంతో సహా, అడగండి. ముందు "నో" కనిపిస్తే ఆగినట్టే. కనిపించకపోతే మోడ్‌లైన్‌ను తిరిగి ఆన్ చేసిన ఫైల్ ఏదో కూడా అదే చెబుతుంది. అది ఏదో ప్లగిన్ పని కావచ్చు. డెబియన్ లినక్స్‌లో మోడ్‌లైన్ మొదటినుంచీ ఆపే ఉంటుంది. ట్యాబ్ వెడల్పు కోసం మోడ్‌లైన్‌ను తెరిచి ఉంచడం నాకైతే దండగే అనిపిస్తుంది.

అనుమానం ఉన్న ఫైల్‌ను ముందే చూడాలనుకుంటే ఫైల్‌ను టెర్మినల్‌లో చూపించే ఉత్త క్యాట్ కమాండ్‌ను నమ్మకండి. తెర మీద కనిపించేదాన్ని మార్చే టెర్మినల్ ఎస్కేప్ కోడ్‌లతో మోడ్‌లైన్ ఉన్న లైన్‌ను కంటికి కనపడకుండా చేయొచ్చు. క్యాట్ పక్కన హైఫన్, చిన్న వీ పెట్టి చూస్తే దాగినవన్నీ గుర్తులుగా బయటపడతాయి.