"మీ ఇష్టం, టీచర్" అనే తరగతికి నోరు తెప్పించడం

సమస్య: "ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకుందాం?" అని అడిగితే ఎనిమిదో తరగతి మొత్తం "మీ ఇష్టం, టీచర్" అంటుంది.

కారణం: గతంలో అలాగే అడిగి, చివరికి మనం అనుకున్నదే చేసి ఉంటాం. పిల్లలు మరిచిపోరు. పైగా మనకు ఓపిక తక్కువ. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకనుకు మించి ఆగడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించారు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే మన హైదరాబాద్ పిల్లకు అంతలో వాక్యం కూడుతుందా?

పరిష్కారం: మీరు నిజంగా వదులుకోగలిగినదే అడగండి. యూనిట్ పరీక్ష మంగళవారమా, శుక్రవారమా? వాళ్లు కోరిన రోజే పెట్టండి, మీకు ఇబ్బందైనా సరే. మూడు సెకన్లు మనసులో లెక్కపెట్టండి. చీటీలపై ఏ భాషలోనైనా రాయనివ్వండి.

సమస్య: నియమాలు మీరే రాసుకోండి అంటే మనకంటే కఠినంగా రాస్తారు. మా చార్టులో మొదటిది: "ఆలస్యంగా వస్తే యాభై గుంజీళ్లు." ముప్పై ఏడు మందిలో ముప్పై ఒక్క చేతులు లేచాయి.

కారణం: వాళ్లు చూసిన పెత్తనం అదే. పక్కవాడి చెయ్యి లేస్తే మన చెయ్యీ లేస్తుంది.

పరిష్కారం: ఏవి ఓటుకు రావో ముందే చెప్పాలి. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఎన్ని చేతులు లేచినా అది మారదు. నేను ముందుగా చెప్పలేదు, పొరపాటు నాదే. ఆ నియమం కొట్టేసి, ఎందుకు ఆలస్యమవుతోందో పేరు లేకుండా రాయమన్నాను. ఒక చీటీలో ఇలా ఉంది: "మాకు రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. అమ్మ పనికి పోతుంది, నీళ్లు నేనే పట్టాలి." చదివి వినిపించాక గుంజీళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆలస్యమైనవాళ్లకు పక్కన కూర్చునేవాళ్లు నోట్సు ఇవ్వాలని రాసుకున్నారు. ఈసారి రహస్య ఓటు పెట్టాను.

సమస్య: ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లే లీడర్.

కారణం: లీడరంటే టీచర్ లేనప్పుడు బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాసే మనిషి.

పరిష్కారం: ఆ పని తీసేసి చర్చ నడిపే పని ఇవ్వండి, నెలకొకరికి. మావాళ్లు బ్యాలెట్లో నోటా కూడా కావాలన్నారు. పెద్దలకు 2013 నుంచి ఉన్నదే కదా, ఇచ్చాను.

సమస్య: మా తరగతిలో గోల అని పక్క గది నుంచి ఫిర్యాదు.

కారణం: నిజంగానే గోల.

పరిష్కారం: పిల్లలనే అడిగాను. డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలన్నారు. ఇప్పుడు డస్టరు కోసం నేనూ చెయ్యి చాచాల్సి వస్తోంది.