బడిలో రోజూ ఐదు నిమిషాల యోగా: మైదానం, మ్యాట్లు లేకుండా తరగతి గదిలోనే ఎలా చేయించాలి

మన దగ్గర బడులు జూన్ 12న తెరుస్తారు, పుస్తకాలు పంచడం, అడ్మిషన్ల హడావిడి తగ్గకముందే జూన్ 21 వచ్చేస్తుంది. బ్యానరు కడతాం, పిల్లల్ని వరసల్లో నిలబెడతాం, ఫొటోలు తీసి గ్రూపులో పెడతాం, అయిపోతుంది. 2025లో విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రధాని సమక్షంలో లక్షల మంది ఆసనాలు వేశారు, సంతోషమే. కానీ జూన్ 22 నుంచి ఏడో తరగతి ‘బి’ సెక్షన్‌లో ఏం జరుగుతోంది అన్నదాన్ని బట్టే పిల్లలకు లాభమో కాదో తేలుతుంది. కాబట్టి ఇక్కడ రాస్తున్నది యోగా డే గురించి కాదు, మామూలు మంగళవారం మొదటి పీరియడ్ గురించి.

ముందు ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో చెప్పుకుందాం. యోగా చేస్తే మార్కులు పెరుగుతాయి, జ్ఞాపకశక్తి రెట్టింపవుతుంది అని తల్లిదండ్రుల మీటింగులో చెప్పకండి. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా హైస్కూలు పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరిని, మనసును, ఇప్పుడు జరుగుతున్నదాన్ని శ్రద్ధగా గమనించుకోవడం) మీద పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 2022లో వచ్చాయి. బడిలో మామూలుగా జరిగే పాఠాలతో పోలిస్తే పిల్లల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. అందులో పది పాఠాలు చెప్పారు, పిల్లల్లో ఎక్కువ మంది ఇంటి దగ్గర అసలు సాధనే చేయలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, దీన్ని ఒక సబ్జెక్టులా చెబితే పిల్లలు కూడా సబ్జెక్టులాగే వింటారు, బెల్లు కొట్టగానే వదిలేస్తారు. చిన్నగా, రోజూ, పాఠం కాకుండా అలవాటుగా జరగాలి.

అలా జరిగితే వచ్చే లాభాలు చిన్నవే, కానీ కళ్లకు కనిపిస్తాయి. గంటల తరబడి బెంచీ మీద వంగి కూర్చున్న వెన్ను కాస్త సాగుతుంది. ఊపిరి నెమ్మదిగా, పొడవుగా వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, అందుకే టెన్షన్ కొంచెం దిగుతుంది. ఆటలో గొడవపడి రొప్పుతూ వచ్చిన పిల్లాడికి ‘నాకు కోపంగా ఉంది’ అని గమనించుకునే రెండు క్షణాలు దొరుకుతాయి, చెయ్యి లేవకముందు ఆ రెండు క్షణాలు చాలా పని చేస్తాయి.

ఇప్పుడు టైము సంగతి. ప్రత్యేకంగా పీరియడ్ ఇవ్వమని హెడ్మాస్టరుగారిని అడిగితే ఆ పీరియడ్‌ని స్లిప్ టెస్టులు మింగేస్తాయి. దానికంటే ఇప్పటికే ఉన్న రెండు సందుల్ని వాడుకోండి. ఒకటి ప్రేయర్ అయ్యాక మొదటి పీరియడ్ మొదట్లో, రెండోది మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు క్లాసులోకి వచ్చినప్పుడు. పొద్దున ఆసనాలు, మధ్యాహ్నం శ్వాస మాత్రమే. భోంచేసిన వెంటనే వంగే ఆసనాలు వేయిస్తే ఎవరో ఒకరు వాంతి చేసుకుంటారు. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం వేయొచ్చు, అంతే. ఇంకో మాట, పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. ‘ఏం తిన్నార్రా?’ అని మామూలుగా అడగండి, ఖాళీ కడుపుతో కళ్లు తిరిగే పిల్లల్ని కూర్చోనివ్వండి.

పొద్దుటి ఐదు నిమిషాలకు మ్యాట్లు, పట్టాలు అక్కర్లేదు, బెంచీల మధ్య నిలబడితే చాలు. చేతులు పైకెత్తి మునివేళ్ల మీద లేచే తాడాసనం, తర్వాత ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం. వృక్షాసనంలో పడిపోతామేమో అనిపించే పిల్లలు ఒక చెయ్యి బెంచీ మీద పెట్టుకోవచ్చు, చూపు ఎదుటి గోడ మీద ఏదో ఒక చుక్క దగ్గర నిలపమనండి, చూపు కదిలితే కాలు కదులుతుందని వాళ్లకే తెలిసిపోతుంది. ఏకాగ్రత మీద లెక్చర్ ఇవ్వాల్సిన పని ఉండదు. చివర్లో సింహాసనం: నాలుక బయటపెట్టి, కళ్లు పెద్దవి చేసి ‘హా’ అని ఊపిరి వదలడం. ఆరో తరగతి పిల్లలు దీనికోసమే ఎదురుచూస్తారు. నవ్వుతారు, నవ్వనివ్వండి, మొదటి వారమంతా నవ్వే ఉంటుంది.

పడుకుని వేసే ఆసనాలు తరగతి గదిలో వద్దు. నేల మీద జాగా ఉండదు, పైగా స్కర్టు యూనిఫాంలో ఉన్న ఆడపిల్లలకు చాలా ఇబ్బంది, వాళ్లు బయటికి చెప్పరు. శీర్షాసనం, హలాసనం, సర్వాంగాసనం యాభై మంది ఉన్న క్లాసులో ఒక్క టీచరు అస్సలు చేయించకూడదు, మెడ మీద బరువు పడే ఏ ఆసనమైనా అంతే. ఊపిరి బిగబట్టే కుంభకం, పొట్టను ఆడిస్తూ గబగబా ఊపిరి వదిలే కపాలభాతి, భస్త్రిక కూడా చిన్నపిల్లలకు వద్దు, టీవీలో చూసి వాళ్లే మొదలుపెడితే ఆపండి. ఉబ్బసం, మూర్ఛ, ఈమధ్యే ఆపరేషన్ అయిన పిల్లలెవరో క్లాస్ టీచరుకు ముందే తెలిసి ఉండాలి. నెలసరి రోజుల్లో చేయాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం, కారణం అడగకుండా కూర్చోనిస్తే సరిపోతుంది.

మధ్యాహ్నం నాకు బాగా నచ్చిన పద్ధతి స్టీలు ప్లేటుది. భోజనం ప్లేటు ఒకటి తాడుతో వేలాడదీసి చెంచాతో ఒక్కసారి కొట్టండి. శబ్దం పూర్తిగా ఆగిపోయిందని ఎవరికి అనిపిస్తే వాళ్లు చెయ్యి ఎత్తాలి. ముందు బెంచీ వాళ్లు తొందరపడి ఎత్తేస్తారు, వెనక బెంచీలో అల్లరిపిల్లాడు అని పేరుపడ్డవాడే చాలాసార్లు చివరిదాకా వింటాడు. మూడుసార్లు కొట్టండి చాలు. ఆ తర్వాత నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం, ఓ ఎనిమిదిసార్లు. చిన్న తరగతులకు మూడు అంకెలు పీల్చి, నాలుగు అంకెలు వదిలితే సరిపోతుంది. ఆంధ్రలో భోజనంతో చిక్కీ ఇచ్చే రోజు ఉంటుంది కదా, ఆ రోజు మొదటి ముక్కను మాట్లాడకుండా నెమ్మదిగా నమిలి, బెల్లం రుచి ముందు తెలిసిందా పల్లీ రుచి ముందు తెలిసిందా చెప్పమనండి. మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట వాడకుండానే అది నేర్పినట్టు.

కళ్లు మూసుకోమని బలవంతం చేయకండి. కొందరికి కళ్లు మూసుకుంటే భయం, ఇంట్లో జరిగినవి గుర్తొస్తాయి. బెంచీ మీదికి చూస్తూ కూర్చున్నా చాలు.

ఓంకారం, సూర్య నమస్కారాల మంత్రాల గురించి ఏ ఊళ్లోనైనా ప్రశ్న వస్తుంది, రావడం న్యాయమే, ఎందుకంటే బడిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. మంత్రం బదులు ఒకటి నుంచి పన్నెండు అంకెలు చెప్పించండి, భ్రామరిలో ‘మ్‌...’ అని తుమ్మెద శబ్దం చేయిస్తే సరి. ఎవరైనా వద్దంటే ఊరికే కూర్చుని ఊపిరి గమనించుకోవచ్చు, దాన్ని అందరి ముందూ చర్చ చేయకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువ బడుల్లో చెడేది కూడా ఇక్కడే. యోగాను క్రమశిక్షణ కర్రలా వాడొద్దు. మన బడుల్లో గోడకుర్చీ, గుంజీలు, నోటి మీద వేలు, ఇవన్నీ శిక్షలుగా పిల్లలకు బాగా తెలుసు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను వాటిని నిషేధించినా పూర్తిగా పోలేదు. అదే పిల్లాణ్ని ‘అల్లరి చేశావు, పది సూర్య నమస్కారాలు చెయ్’ అంటే వాడి దృష్టిలో యోగా కూడా గోడకుర్చీయే. క్లాసు గోలగా ఉంది కాబట్టి ‘అందరూ కళ్లు మూసుకోండి’ అనడం కూడా అదే కోవలోకి వస్తుంది, అది ధ్యానం కాదు, నోరు మూయించడం. క్లాసు ప్రశాంతంగా ఉన్న రోజు కూడా చేయించండి. మీరూ పిల్లలతో కలిసి చేయండి, వాళ్లు ఊపిరి తీస్తుంటే మీరు అటెండెన్స్ వేసుకుంటూ కూర్చుంటే దానికెంత విలువుందో వాళ్లకు అర్థమైపోతుంది. దీనికి మార్కులు, గ్రేడులు కూడా వద్దు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలైన, ధ్యానం, కథలతో సాగే హ్యాపీనెస్ క్లాసుకు పరీక్ష పెట్టలేదు, నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది.

పనిచేస్తోందా లేదా అన్నది తెలుసుకోవాలంటే ఒక చిన్న లెక్క చాలు: భోజనం బెల్లు అయ్యాక క్లాసు పాఠానికి సిద్ధం కావడానికి ఎంతసేపు పడుతోందో మొదలుపెట్టేముందు కొన్ని రోజులు రాసిపెట్టుకోండి, దసరా సెలవులకు ముందు మళ్లీ చూసుకోండి.

పదో తరగతి వాళ్ల సంగతి వేరు. స్టడీ అవర్లో నిద్రమత్తుతో ఉంటారు, ఫిబ్రవరి వచ్చేసరికి భయం పట్టుకుంటుంది. నాలుగు–ఆరు శ్వాసను ప్రతి స్లిప్ టెస్టు ముందూ అలవాటు చేస్తేనే మార్చిలో అసలు పరీక్షలో పేపరు చూసి చేతులు వణికినప్పుడు పనికొస్తుంది, హాల్ టికెట్ ఇచ్చే రోజు కొత్తగా నేర్పితే గుర్తుండదు. అన్నం సరిగా తినకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, చావు మాటలు, ఇలాంటివి కనిపిస్తే మాత్రం శ్వాస వ్యాయామాలు చెప్పి ఊరుకోకండి. ఆ పిల్లతో కూర్చుని మాట్లాడండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోనే పిల్లకు హాని జరుగుతోందని అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మీరు సెలవు పెట్టిన రోజు ఆగిపోకుండా ఉండాలంటే వారానికో ఇద్దరు పిల్లల్ని లీడర్లుగా పెట్టండి, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, రోల్ నంబరు వరసలో అందరికీ వంతు వచ్చేలా. ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకు వాళ్లనే ముందుకు పిలవకండి. చేయాల్సిన వరస ఒక చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి బోర్డు పక్కన అంటించండి, ప్లేటు కొట్టే చెంచా మాత్రం టేబుల్ సొరుగులో పెట్టుకోండి, బయట ఉంటే రోజంతా మోగుతూనే ఉంటుంది.