పెద్ద డెండ్రోబియం (ఒక రకం ఆర్కిడ్ పూల మొక్క) కుండీ మార్చే ముందు జాగ్రత్తలు

• వరంగల్ ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. తొలకరి పడి వేడి తగ్గనివ్వండి.

• పూలున్న మొక్కను ముట్టొద్దు. కొత్త పిలక అడుగున పచ్చ మొనతో వేర్లు అర అంగుళం వచ్చాయా చూడండి, అదే అదను. బాగా పొడుగైతే సర్దేటప్పుడు మొన పుటుక్కున విరుగుతుంది, ఆ వేరు పొడవు పెరగడం అక్కడితో ఆగుతుంది.

• ఆకులు రాలిన పాత కాడలను ఎండిపోయాయనుకొని కోసేస్తుంటారు. నొక్కితే గట్టిగా ఉన్నవాటిని ఉంచండి. మొక్క తిండి దాచుకునేది వాటిలోనే, కొసన మళ్లీ పూస్తాయి కూడా.

• విడదీయాల్సి వస్తే ముక్కకు కనీసం నాలుగు కాడలు. దండిగా పూయాలంటే మాత్రం గుబురును కదపకపోవడమే మేలు.

• కొబ్బరి డొప్ప ముక్కలు ఒకరోజు నానాలి, రెండుమూడు సార్లు నీళ్లు మార్చాలి. లేదంటే వాటిలోని ఉప్పుకు వేర్ల మొనలు నల్లబడతాయి. వాటికి అంగుళం సైజు బొగ్గు, ఇటుక ముక్కలు కలపండి. మట్టి అస్సలు వద్దు.

• కొత్త కుండీ పాతదానికన్నా రెండు అంగుళాలే పెద్దది, అడుగున, పక్కన బెజ్జాలున్నది కావాలి.

• బ్లేడు, దాన్ని తుడవడానికి స్పిరిట్, కాడలకు ఊతకర్ర, నీడకు 50 శాతం షేడ్ నెట్ దగ్గర పెట్టుకోండి.

• బోరు నీళ్లకు కుండీపై తెల్లపొర కడుతుంటే వాన నీళ్లు పట్టి ఉంచండి.

• 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న) ఎరువు లీటరు నీళ్లకు ఒక గ్రామే, అదీ కొత్త వేర్లు పట్టుకున్నాకే.