మైండ్ మ్యాప్‌తో చదువు – 3వ పాఠం: పుస్తకం మూసి గీయండి

గత పాఠంలో కాగితం మధ్యలో అంశం పేరు రాసి, దాని నుంచి కొమ్మలు తీసి, ఒక్కో కొమ్మ మీద ఒకటి రెండు మాటలే రాయడం నేర్చుకున్నాం. అప్పుడు పాఠ్యపుస్తకం ఎదురుగా ఉంది. నేటి నుంచి అది మూసే ఉండాలి.

చూసి గీసిన పటం ఎంత అందంగా వచ్చినా, మీకు ఏది వచ్చో ఏది రాదో చెప్పదు. తనకు ఎంత వచ్చో తానే సరిగ్గా అంచనా వేసుకుని, దాన్ని బట్టి చదివే తీరు మార్చుకోవడమే మెటాకాగ్నిషన్. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్పికీ, బ్లంట్ 2011లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. సైన్సు పాఠం చూస్తూ భావనా పటం (భావాలను గీతలతో కలిపి చూపే పటం) గీసినవారి కంటే, పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాసినవారే వారం తర్వాత పరీక్షలో మెరుగ్గా రాశారు. విద్యార్థుల సొంత అంచనాలు మాత్రం ఇందుకు విరుద్ధంగా ఉన్నాయి! మనం సరిచేసుకోవలసింది ఆ అంచనానే.

కిరణజన్య సంయోగక్రియ పాఠం తీసుకుందాం. ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూయండి. కాగితం మధ్యలో పాఠం పేరు, చుట్టూ నాలుగు కొమ్మలు: కావలసినవి, జరిగే చోటు, కాంతి చర్య, నిష్కాంతి చర్య. ఇంకేమీ రాయకముందే ప్రతి కొమ్మ పక్కన పెన్సిల్‌తో ఐదుకు ఎన్ని మార్కులు వేసుకుంటారో రాయండి. దయచేసి ఈ మెట్టు దాటవేయకండి. ఇది లేకపోతే మిగిలినదంతా మామూలు పునశ్చరణే అవుతుంది.

ఇప్పుడు నీలం పెన్నుతో పది నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. తట్టని చోట ఖాళీ గీత వదిలేయండి. తర్వాత పుస్తకం తెరిచి, మరిచిపోయినవి ఆకుపచ్చతో చేర్చండి, తప్పులు ఎరుపుతో దిద్దండి.

ఎరుపు సాధారణంగా ఎక్కడ పడుతుందో చూడండి. ‘నిష్కాంతి చర్య’ కొమ్మకు ధీమాగా నాలుగు మార్కులు వేసుకున్న విద్యార్థి దాని కింద ‘రాత్రి’ అని రాస్తాడు. నిజానికి ఆ చర్యకు కాంతి నేరుగా అవసరం లేదు, అంతే. కాంతి చర్యలో తయారైన, శక్తిని మోసే అణువులైన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌లను వాడుకుంటూ అది పగలే స్ట్రోమాలో (హరితరేణువు లోపలి ద్రవ భాగంలో) జరుగుతుంది. ‘ఆక్సిజన్’ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందన్నట్టు బాణం గుర్తు గీసేవారూ ఉంటారు. ఆ ఆక్సిజన్ వచ్చేది నీరు విడిపోవడం వల్ల. ఖాళీ గీత కంటే ఇలాంటి ధీమా తప్పులే ప్రమాదకరం. తెలియదని తెలిసినదాన్ని మళ్లీ చదువుతాం, వచ్చనుకున్నదాని జోలికి పోము.

ఇక పెన్సిల్ మార్కులను రంగులతో పోల్చండి. ఎక్కువ మార్కులు వేసుకున్న కొమ్మ మీద ఎరుపు ఉంటే, రేపటి చదువు అక్కడే మొదలుపెట్టాలి. తక్కువ వేసుకున్న కొమ్మ నీలంతోనే నిండిందా? దాని మీద ఇక ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం: పటంలోని బొమ్మల ముస్తాబుకు మార్కులు ఇవ్వకండి. ఎరుపు ఎక్కువుందని మందలిస్తే, పిల్లలు రేపటి నుంచి దొంగచాటుగా పుస్తకం తెరుస్తారు.

అభ్యాసం: ఇదే పాఠానికి మూడు రోజుల తర్వాత, పాత పటం చూడకుండా, మళ్లీ మార్కులు వేసుకుని మరో పటం గీయండి. రెండింటి మీదా తేదీ వేసి దాచుకోండి. 4వ పాఠంలో వాటిని పక్కపక్కన పెట్టి వారం చదువు ప్రణాళిక తయారు చేసుకుందాం.