డిటెక్టివ్ కథలో టైమ్ తేడా రాకుండా ఒక చిట్కా

డిటెక్టివ్ కథ రాసేటప్పుడు నన్ను బాగా విసిగించేది ఒక్కటే. హత్య జరిగిన రాత్రి ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారో పదో పేజీకి వచ్చేసరికి మర్చిపోతాను. పిల్లలు పడుకున్నాక నాకు దొరికేది గంట. అందులో సగం పాత పేజీలు తిరగేయడానికే పోయేది.

ఇప్పుడు ఒక ఏ4 కాగితం అడ్డంగా పెట్టుకుని, సాయంత్రం 6 నుంచి రాత్రి 12 వరకు అరగంటకొకటి చొప్పున 12 గడులు గీస్తున్నాను. ఒక్కో పాత్రకు ఒక నిలువు వరుస. నిజంగా జరిగింది నీలం పెన్నుతో, ఆ మనిషి పోలీసులకు చెప్పింది పెన్సిల్‌తో రాస్తాను. రెండూ కలవని గడే క్లూ. దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, ఆ క్లూ పాఠకుడి కంటపడే పేజీ నంబరు పక్కనే వేస్తాను. నంబరు లేని ఎర్ర సున్నా మిగిలితే ముగింపు జోలికి వెళ్లను. క్లూ చూపించకుండా హంతకుణ్ని పట్టిస్తే చదివేవాళ్లకు అన్యాయం కదా.

ప్రయాణాల టైమ్ మాత్రం ఊహించి రాయొద్దు. మొన్న మా ఆవిడా నేనూ కోఠి నుంచి అఫ్జల్‌గంజ్, నయాపూల్ మీదుగా చార్మినార్ దాకా నడిచాం. నా కథలో పెద్దాయన ఆ దూరం ఇరవై నిమిషాల్లో నడిచేస్తాడు. "ఆ వయసులో ఎలా కుదురుతుందండీ?" అంది. ఆ రాత్రే గడి మార్చాను.

కథ వారాల తరబడి సాగితే ఈ కాగితం పనిచేయదు. అప్పుడు గోడ క్యాలెండర్ మీద రాసుకోవడమే నయం.