సర్వర్ క్లౌడ్‌కి, తాళాలు మీ దగ్గరే

ఆఫీసు సర్వర్‌ను క్లౌడ్‌కి మార్చి, నిర్వహణ బయటి ఐటీ సంస్థకు అప్పగించాలనుకుంటే కొటేషన్లు అడిగేముందు ఒక పట్టిక రాసుకోండి. ఏయే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, ఏది దేనిమీద ఆధారపడింది, డేటా ఎంతుంది, లైసెన్సు ఎవరి పేరున ఉంది. ప్రతిదాని పక్కనా రెండు అంకెలు వేయండి: ఆగిపోతే ఎన్ని గంటలు ఓర్చుకోగలరు, ఎంతసేపటి డేటా పోయినా సర్దుకోగలరు. బిల్లింగ్‌కు ఒక గంట, పాత ఫైళ్లకు రెండు రోజులు అని తేలితే అన్నిటికీ ఖరీదైన ఏర్పాటు అక్కర్లేదన్నమాట.

ముందు ఈమెయిల్, ఫైళ్లు మార్చండి. అకౌంట్స్ డేటాబేస్ చివరికి ఉంచండి. 1 టెరాబైట్ డేటాకు 100 ఎంబీపీఎస్ లైను మొత్తం ఇచ్చేసినా దాదాపు 22 గంటలు పడుతుంది. అప్‌లోడ్ వేగం 20 మాత్రమే అయితే నాలుగున్నర రోజులు దాటుతుంది. అందుకే పెద్ద మొత్తాన్ని ముందే కాపీ చేసి, మార్పు రోజు రాత్రి కొత్తగా చేరినవి మాత్రం పంపాలి. డీఎన్ఎస్ అంటే మీ డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే చిరునామా పట్టిక, టీటీఎల్ అంటే ఆ చిరునామాను ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె. అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు, ఉంటే కనీసం ఒక రోజు ముందు 300కి తగ్గించండి. మరిచిపోతే కొందరు మర్నాడు కూడా పాత సర్వర్‌కే వెళ్లి ఎంట్రీలు వేస్తారు, వాటిని వెతికి కలపడం నరకం. పాతదాన్ని రెండు వారాలపాటు చదవడానికి మాత్రమే వీలుండేలా ఉంచండి.

బిల్లు ఎక్కువగా పెరిగేది వాడని వాటివల్లే. వారానికి 168 గంటలు. టెస్టింగ్ సర్వర్ పని 56 గంటలే అయితే, మిగతా సమయం ఆపేస్తే గంటల లెక్కన పడే ఛార్జీలో మూడింట రెండొంతులు మిగులుతుంది. డిస్క్ అద్దె మాత్రం ఆగదు. సర్వర్ తీసేశాక మిగిలిపోయిన డిస్కులు, పాత స్నాప్‌షాట్లు (డిస్క్ ఒకప్పుడు ఎలా ఉందో అలా తీసి దాచిన కాపీలు) నెలనెలా వెతకండి. డేటా బయటికి తీస్తే విడిగా ఛార్జీ పడొచ్చు, అడిగి తెలుసుకోండి. ఏడాది, మూడేళ్ల ఒప్పందాలకు తగ్గింపు ఇస్తారు. మూడు నెలల వాడకం చూడకుండా వాటి జోలికి వెళ్లొద్దు. బడ్జెట్ అలర్ట్ పెట్టినంత మాత్రాన ఖర్చు ఆగదు, సందేశం వస్తుందంతే.

ఇక ఒప్పందం. సర్వర్ 99.9 శాతం సమయం నడుస్తుందని మాటిస్తే గొప్పగా వినిపిస్తుంది గానీ, నెలకు 43 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. ‘15 నిమిషాల్లో స్పందన’ అని రాస్తే టికెట్ నంబరు, అంటే ఫిర్యాదు అందిందని చెప్పే నంబరు, పంపినా సరిపోతుంది. ఎంతసేపట్లో బాగుచేస్తారో విడిగా రాయించండి. సంస్థ మారాల్సి వస్తే డేటా ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా అందులోనే ఉండాలి.

డొమైన్, క్లౌడ్ ప్రధాన ఖాతా మీ కంపెనీ పేరు మీదే, కంపెనీ ఈమెయిల్‌తోనే, రెండంచెల లాగిన్‌తో ఉండాలి. ఐటీ సంస్థలో పనిచేసే ఒక్కొక్కరికీ విడి లాగిన్ ఇవ్వండి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఎవరేం చెరిపారో తేలదు. క్లౌడ్ కంపెనీ తన యంత్రాలను కాపాడుతుంది, మీ ఉద్యోగి పొరపాటున చెరిపిన ఫైలును కాదు. ఒక బ్యాకప్ కాపీ ఐటీ సంస్థ చెయ్యి చేరని వేరే ఖాతాలో పెట్టండి. మూడు నెలలకోసారి దాన్నుంచి నిజంగా రీస్టోర్ చేయించి గడియారం చూడండి. మొదటి పట్టికలో బిల్లింగ్‌కు గంట అని రాసి, ఇక్కడ ఆరు గంటలు పడితే బ్యాకప్ పద్ధతి మార్చాలి, లేదంటే ఆ అంకె దిద్దాలి.