బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ వేస్తున్నారా? విత్తనం కొనే ముందే ఈ జాగ్రత్తలు

జులై చివరికొచ్చేసరికి మా వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "బుల్లి క్యాబేజీ వేద్దామనుకుంటున్నాం అన్నా, విశాఖలో పోతుందా?" అని అడుగుతారు. మాది చింతపల్లి మండలంలో కొండ మీద ఊరు. నేను విశాఖలో ఉంటూ మా రైతుల కూరగాయలు హోటళ్లకు, దుకాణాలకు వేస్తుంటాను. బుల్లి క్యాబేజీ అంటే ఈ బ్రస్సెల్స్ స్ప్రౌట్సే; కాడ కణుపుల దగ్గర పట్టే చిన్న క్యాబేజీ ఉండలనే మేం కాయలంటాం. అందరికీ ముందు ఒకటే చెబుతాను: ఎవరు కొంటారో తేలకుండా నారు పోయకండి. ఈ పంటలో పురుగు కన్నా అమ్మకమే ఎక్కువ ముంచుతుంది.

ముందు లెక్క వేసుకోండి. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి దాదాపు 15 వేల మొక్కలు పడతాయి. ఇరవై సెంట్లకైతే మూడు వేలు. మొక్కకు అరకిలో అనుకున్నా పదిహేను వందల కిలోలు. కోత ఎనిమిది వారాలు సాగితే వారానికి 190 కిలోల దాకా వస్తుంది. ఎంవీపీ కాలనీ రైతుబజారులో క్యాబేజీ, బీన్స్ కొనే అక్కలకు ఇదేమిటో తెలియదు. కొనేది పెద్ద హోటళ్లు, సూపర్ మార్కెట్లు, విదేశాల్లో ఉండి వచ్చిన కొన్ని కుటుంబాలు. అందుకే మొదటి ఏడాది అయిదు సెంట్లు చాలు. అప్పుడు వారానికి యాభై కిలోల లోపే వస్తుంది, ముగ్గురు నలుగురు కొనేవాళ్లు ఉంటే సరిపోతుంది. వాళ్లతో ఏ వారం ఎన్ని కిలోలు, ఏ సైజు, డబ్బు ఎన్ని రోజుల్లో అనేది కాగితం మీద రాయించుకోండి. "తెండి, చూద్దాం" అన్న మాటను ఆర్డర్ అనుకోవద్దు. హోటల్ వాళ్లు రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల మధ్య గట్టిగా, పచ్చగా ఉన్న కాయలే అడుగుతారు. పెద్దవి, విచ్చుకున్నవి వెనక్కి వస్తాయి.

విశాఖ నగరంలోనో, అనకాపల్లి మైదానంలోనో దీన్ని వ్యాపారంగా వేయవద్దు. ఈ మొక్కకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం హాయి. పాతిక డిగ్రీలు దాటిన కొద్దీ కాయ వదులుగా విచ్చుకుంటుంది, చేదెక్కుతుంది. విశాఖలో జనవరి పగళ్లు కూడా అంతకన్నా వేడిగానే ఉంటాయి. డాబా మీద వేసి చూసిన వాళ్లకు తెలుసు, ఆకులు ఏపుగా వస్తాయి, కణుపుల దగ్గర కాయ మాత్రం గట్టిపడదు. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ఎత్తులే దీనికి తగినవి. మంచు పడ్డాక కోసిన కాయ తియ్యగా ఉంటుంది కూడా.

అయితే నగరం నుంచి వెళ్లి అక్కడ భూమి కౌలుకు తీసుకుందామనుకునే వాళ్లకు ఒక మాట. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు అమ్మకమే కాదు, కౌలూ చెల్లదు. ఎవరో ఊరి పెద్ద మాట ఇచ్చాడని డబ్బు పెట్టకండి. అక్కడి రైతు పండిస్తాడు, మీరు కొనండి. నేను చేసేది కూడా అదే.

కాలం విషయంలో పదిహేను రోజులు జారినా పంట దెబ్బతింటుంది. ఆగస్టు రెండో వారంలో నారు పోసి, నాలుగు వారాల నారు సెప్టెంబరు మధ్యలో నాటితే డిసెంబరు చివర తొలి కోత వస్తుంది. ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది. అక్టోబరులో నాటినవాళ్లకు సగం కాయ ఎండలోకి వెళ్లిపోతుంది. నారు పోసే రోజుల్లో వానలు ఎక్కువ కాబట్టి ట్రేల్లో, పైన పాలిథిన్ కప్పి పెంచండి.

ఇక తుపాన్లు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను మన వైపు మరిచిపోయేవాళ్లు లేరు. అక్టోబరు, నవంబరుల్లో మన మొక్క మోకాలెత్తు ఉంటుంది, వేరు పైపైనే ఉంటుంది. ఎత్తు మళ్ల మీద నాటి, నాటిన నెల రోజులకు మొదలుకు మట్టి ఎగదోయండి. నీరు పోయే కాలువ వాన రాకముందే తీసి ఉంచాలి. పంట నష్టం సాయానికి ఆధారమయ్యే ప్రభుత్వ పంట నమోదు, అంటే ఈ-పంటలో పేరు ఎక్కించడం మరవద్దు.

విత్తనం దగ్గర: హిల్డ్స్ ఐడియల్ మన దేశంలో పాతకాలం నుంచి ఉన్న రకం. జేడ్ క్రాస్ లాంటి హైబ్రిడ్లలో కాయలు ఒకే సైజులో వస్తాయి. 1990లలో నెదర్లాండ్స్‌లో చేదుకు కారణమైన పదార్థాలను గుర్తించాక చేదు తగ్గిన రకాలు వచ్చాయి, అడిగి కొనండి. మందు పట్టించని విత్తనమైతే 50 డిగ్రీల వేడినీళ్లలో 25 నిమిషాలు ఉంచి ఆరబెడితే నల్లకుళ్ళు తెగులు చాలా వరకు ఆగుతుంది. చేతి అంచనాతో చేయకండి, థర్మామీటర్ ఉండాలి. రంగు మందు పట్టించిన విత్తనాన్ని నానబెట్టవద్దు.

కొండ నేలలు చాలాచోట్ల పులుపు నేలలు. అందులో వేర్లు వాచి దుంపల్లా తయారయ్యే క్లబ్ రూట్ తెగులు ఎక్కువ. మట్టి పరీక్ష చేయించి, నేల పులుపును చెప్పే పీహెచ్ ఏడుకు దగ్గరగా వచ్చేలా నాటడానికి ముందే సున్నం వేయండి. యూరియా పెంచితే ఆకు పెరుగుతుంది, కాయ వదులవుతుంది.

పురుగుల్లో అసలు శత్రువు డైమండ్ రెక్కల పురుగు. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే అది లొంగకుండా పోతుంది. పంట చుట్టూ, ప్రతి పాతిక వరుసలకు ఒక వరుస ఆవాలు వేస్తే తల్లి పురుగు అక్కడ గుడ్లు పెడుతుంది. ఆ ఆవాల మీద మందు కొట్టుకోవచ్చు. మన నారు నాటడానికి పదిహేను రోజుల ముందు ఒకసారి, నాటాక పాతిక రోజులకు మరోసారి ఆవ విత్తనం చల్లాలి. పంట మీద వేప గింజల కషాయం, బీటీ మందు (పురుగును చంపే బాక్టీరియాతో చేసినది) సరిపోతాయి. ఆకు మీద మైనం పొర ఉంటుంది కనుక జిగురు కలపకపోతే మందు జారిపోతుంది. కాయ పట్టాక రసాయన మందుల జోలికి పోకండి. వారం వారం కోసే పంట ఇది, పొరల్లో మిగిలిన మందు తినేవాళ్ల కడుపులోకి వెళుతుంది.

కోత కింది నుంచి పైకి. కింది కాయలు రెండు సెంటీమీటర్లకు వచ్చాక మొక్క తల తుంచేస్తే పైవి కూడా దాదాపు ఒకేసారి ఊరతాయి.

రవాణాలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి ఏడాది వ్యాన్‌లో చోటు ఉంది కదా అని అరటి గెలల పక్కనే క్రేట్లు పెట్టించాను. నర్సీపట్నం మీదుగా విశాఖ చేరి, గదిలో కూడా ఒక రాత్రి వాటి పక్కనే ఉన్నాయి. రెండో రోజుకు అంచులు పసుపెక్కాయి, హోటల్ నలభై కిలోలూ తిప్పి పంపింది. మా బాబాయి నెలల కష్టం అది. పండే అరటి, టమాటా నుంచి వచ్చే వాయువు ఈ కాయను పసుపు చేస్తుంది. తెల్లవారుజామున కోసి, నీడలో చల్లార్చి, గాలి ఆడే క్రేట్లలో తడిగుడ్డ కప్పి, విడిగా పంపండి. సున్నా డిగ్రీల దగ్గర, తేమతో ఉంచగలిగితే మూడు వారాలు నిలుస్తుంది. గోనె సంచుల్లో వద్దు.

కొత్తగా కొనేవాళ్లకు వండటం కూడా చెప్పండి. రెండుగా కోసి, పోపు వేసి, పెద్ద మంట మీద త్వరగా వేయించాలి. ఎక్కువసేపు ఉడికిస్తే గంధకం వాసన వస్తుంది, మళ్లీ కొనరు.

చివరి కోత అయ్యాక కాడలు చేనులో వదిలేయకుండా వేళ్లతో పీకి చూడండి. వేర్లు వాచి ఉంటే ఎండబెట్టి కాల్చేయండి, పెంటకుప్పలో వేయవద్దు. ఆ మడికి గుర్తు పెట్టుకోండి, అక్కడ చాలా ఏళ్లు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు వేయకూడదు. తవ్విన పార కూడా కడిగాకే పక్క మడిలోకి తీసుకెళ్లండి.